ముందు మాట, ఆ తర్వాతే సంతకం

రాత్రి తొమ్మిదిన్నర. మా కోడలు పిల్లవాడికి అన్నం తినిపిస్తోంది. బల్ల మీద ఫోను టింగుమంది. ఆమె జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ స్కూల్ అసిస్టెంటు. ఆ వేళప్పుడు ఫోను మోగితే అది వాళ్ళ స్కూలు గ్రూపే. ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టి, ఎడం చేత్తో ఫోను తీసి చదువుకుని, ఏదో నొక్కి, మళ్ళీ ముద్ద కలపడం మొదలుపెట్టింది.

"ఏమిటమ్మా?" అన్నాను.

ఫోను నా వైపు తిప్పింది. రేపటి నుంచి ప్రతి తరగతిలో మొదటి పావుగంట పిల్లల చేత పుస్తకం చదివించాలట. టీచర్లందరూ తప్పకుండా పాటించాలట. ఫోటోలు పది గంటల లోపు గ్రూపులో పెట్టాలట. దాని కింద వరసగా బొటనవేలి గుర్తులు. స్టాఫు పద్నాలుగు మంది. నేను చూస్తూండగానే పద్నాలుగు బొటనవేళ్ళూ పడిపోయాయి.

"ఏ పుస్తకం చదివించాలి?"

"అది చెప్పలేదు మావయ్యగారూ."

"చదవడం రాని పిల్లలున్నారు కదా, వాళ్ళ సంగతి?"

"అదీ చెప్పలేదు."

"మరి సరేనని వేలు పెట్టావుగా?"

"పెట్టకపోతే పేరు పెట్టి అడుగుతారు" అంది.

నాకు బాధ కలిగింది మెసేజీ వచ్చిన వేళ చూసి కాదు. పిల్లల చేత చదివించాలన్న ఆలోచన మంచిది. సరిగ్గా అదే ఆలోచనని 1979లో మా హెడ్మాస్టరు గారు మా బడిలో పెట్టారు. ఆయనకి దాన్ని మొదలుపెట్టడానికి ఐదు వారాలు పట్టింది. మొదలుపెట్టాక అది పదకొండేళ్ళు నడిచింది. ఆయన రిటైరైపోయాక కూడా నడిచింది. మా కోడలు చెప్పిన పావుగంట మూడో వారానికే ఆగిపోయింది. ఎవరూ ఆపమని చెప్పలేదు, ఎందుకాగిందని ఎవరూ అడగనూ లేదు.

ఈ రెండింటికీ మధ్య ఏం పోయిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను 1974లో సర్వీసులో చేరాను. సైన్సు మేష్టర్ని. కోనసీమలో కాలవ గట్టు పక్కన బడి. స్టాఫు పదహారు మందిమి. ఆ రోజుల్లో హెడ్మాస్టరు మాట స్టాఫుకి చేరే సాధనం ఆర్డరు బుక్కు. అటెండరు దాన్ని చంకలో పెట్టుకుని క్లాసు గుమ్మంలో నిలబడితే పాఠం ఆపి, చదివి, సంతకం పెట్టి పంపాలి. ఈనాటి గ్రూపు మెసేజీ ఏమిటో ఆనాటి ఆర్డరు బుక్కు అదే. కాబట్టి అప్పుడు సాధనం లేదు, ఇప్పుడు వచ్చి పాడుచేసింది అని నేననను. తేడా ఆ బుక్కు ఎప్పుడు వచ్చేదన్న దగ్గర ఉంది. మా హెడ్మాస్టరు గారి బుక్కులో కొత్త సంగతి ఏదీ ఉండేది కాదు. అందులో ఉన్నదంతా అప్పటికే మేం ఆయనతో మాట్లాడేసుకున్నదే. మాట ముందు నడిచేది, సంతకం వెనకాల వచ్చేది.

ఆ చదువు కార్యక్రమం ఎలా వచ్చిందో చెబుతాను.

జూలైలో ఆయన రోజూ తన ఖాళీ పీరియడ్లో కానుగ చెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. ఆరో తరగతి పిల్లల్ని ఐదుగురు చొప్పున పిలిచి, తెలుగు వాచకంలో ఒక పేజీ తీసి చదవమనేవారు. తప్పు దిద్దేవారు కాదు, కసిరేవారు కాదు. విని, నల్లట్ట నోటు పుస్తకంలో పేరు రాసుకుని, పక్కన ఒక ముక్క రాసుకునేవారు. రెండు సెక్షన్లూ కలిపి డెబ్బై ఎనిమిది మంది. వారం పైన పట్టింది. మేమంతా స్టాఫు రూము కిటికీలోంచి చూసేవాళ్ళం. ఏం చేస్తున్నారండీ అని అడిగితే, "వింటున్నానండీ, అయ్యాక చెప్తాను" అనేవారు.

డెబ్బై ఎనిమిదిలో ముప్పై ఒక్కమందికి గుణింతాలు దాటి చదవడం రావడం లేదని తేలింది.

ఆ లెక్క పట్టుకుని ఆయన స్టాఫు మీటింగు పెట్టలేదు. ఒక ఆదివారం సాయంత్రం నేరుగా తెలుగు మేష్టారింటికి వచ్చారు. వాళ్ళ పక్క వాటాలోనే నేను అద్దెకుండేవాణ్ణి. అరుగు మీద నన్నూ కూర్చోమన్నారు. ఆయన ముందు అక్కడికే ఎందుకు వచ్చారో నాకప్పుడు తెలియలేదు. తర్వాత తెలిసింది. ఆ లెక్క నలుగురిలో బయటపెడితే మొదట తలవంచుకోవలసింది తెలుగు మేష్టారు. తలవంచుకున్న మనిషి ఆ తర్వాత ఏ పనికీ మనసారా చెయ్యి కలపడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా.

"ఇది మీ తప్పని చెప్పడానికి రాలేదండీ" అన్నారు హెడ్మాస్టరు గారు. "వీళ్ళు మన దగ్గరికి వచ్చేసరికే ఇలా ఉన్నారు. దీనికేం చెయ్యాలో మన బడిలో మీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. మీరు చెప్పండి, వింటాను."

తెలుగు మేష్టారు నోటు పుస్తకం పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. ఒక పేరు దగ్గర వేలు ఆగింది.

"వీడా? వీడు నా క్లాసులో పద్యం గడగడా అప్పజెబుతాడండీ!"

"అప్పజెబుతాడు. పుస్తకం తలకిందులుగా ఇచ్చినా అప్పజెప్పాడండీ" అన్నారు హెడ్మాస్టరు గారు మెల్లగా.

తెలుగు మేష్టారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపల్నుంచి కాఫీ వచ్చింది, చల్లారిపోయింది. ఆ తర్వాత ఆయనే మొదలుపెట్టారు. పిల్లల్ని సెక్షన్ల వారీగా కాకుండా చదవగలిగినదాన్ని బట్టి జట్లు చెయ్యాలన్నారు. ఒక్కో జట్టులో ఎనిమిది తొమ్మిది మందికి మించకూడదన్నారు. వాచకం పక్కన పెట్టి చిన్న కథలతో మొదలుపెట్టాలన్నారు. అక్కడితో ఆ ఆలోచన సగం తెలుగు మేష్టారిదైపోయింది.

తర్వాత లెక్కల మేష్టారు. ఆయనకి సిలబస్ దిగులు. హెడ్మాస్టరు గారు మొదట అనుకున్నట్టు పొద్దున్న మొదటి అరగంట తీసుకుంటే, ఆరో తరగతి టైంటేబుల్లో వారానికి ఐదు రోజులు మొదటి పీరియడు లెక్కలే. అంటే దెబ్బంతా ఆయన మీదే. "సిలబస్ ఎలాగోలా అయిపోతుందిలెండి" అని ఆయన్ని ఊరడించలేదు హెడ్మాస్టరు గారు. "మీరు చెప్పింది నిజమే, నేను చూసుకోలేదు. ఎలా సర్దుదామో మీరే లెక్కేసి చెప్పండి" అన్నారు. ఏడు పీరియడ్లు, ఒక్కోటి నలభై ఐదు నిమిషాలు. ప్రతి పీరియడ్లో ఐదు నిమిషాలు కోస్తే ముప్పై ఐదు నిమిషాలు మిగులుతాయి, ఎవరి సబ్జెక్టూ ఒక్కసారిగా నష్టపోదు. ఆ ముప్పై ఐదు నిమిషాలూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పెడితే పిల్లలు కునికిపాట్లు పడే వేళ కూడా కలిసొస్తుంది. ఈ ఏర్పాటు లెక్కల మేష్టారిది. కొత్త టైంటేబులు ఆయనే తన చేత్తో గీసి నోటీసు బోర్డు మీద అంటించారు.

ఇద్దరు టీచరమ్మలు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి, ముక్తేశ్వరంలో బస్సు పట్టుకుని వచ్చేవారు. సాయంత్రం ఆలస్యమైతే పంటు తప్పిపోతుంది. కొత్త పని అనగానే వాళ్ళ భయం అది. "ఆఖరి గంట తర్వాత ఒక్క నిమిషం కూడా ఉండమనను" అని వాళ్ళకి ముందే చెప్పారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ మాట తప్పలేదు.

ఇవన్నీ అయ్యాక స్టాఫు మీటింగు. వారం ముందే నోటీసు వచ్చింది. అందులో నిర్ణయం లేదు, ప్రశ్న ఉంది: ఆరో తరగతి పిల్లల చదువుకి మనం ఏం చేద్దాం? మీటింగులో ఆయన మొదట నన్ను మాట్లాడమన్నారు, ఎందుకంటే స్టాఫులో నేనే చిన్నవాణ్ణి. పెద్దవాళ్ళు ముందు మాట్లాడేస్తే చిన్నవాళ్ళు తలూపి ఊరుకుంటారని ఆయనకి తెలుసు. ఆయన అందరికంటే ఆఖర్న మాట్లాడారు. మూడే మాటలు చెప్పారు. అందరికంటే వెనకబడిన తొమ్మిది మంది జట్టు తనది. దసరా సెలవుల తర్వాత అదే పేజీ అదే పిల్లల చేత మళ్ళీ చదివిద్దాం. ఫలితం లేకపోతే, ఈ ఆలోచన తప్పని మినిట్స్ బుక్కులో తానే రాసి ఆపేస్తారు.

సోషల్ మేష్టారు ఒక్కరు మాత్రం "ఇది నా పని కాదండీ" అన్నారు. "సరేనండీ" అన్నారు హెడ్మాస్టరు గారు. మెమో లేదు, మొహం ముడుచుకోవడం లేదు.

దసరా తర్వాత ముప్పై ఒక్కమందిలో పంతొమ్మిది మంది ఆ పేజీ చదివారు. ఆయన ఆ పేర్లు స్టాఫు రూములో చదివి వినిపించారు. ఒక్కో పేరు దగ్గరా "ఈ పిల్ల మీ జట్టులోది", "ఈ కుర్రాడు మీ చేతిలో పడ్డవాడు" అంటూ ఎవరి కష్టం వాళ్ళకి చెప్పారు. తన పేరు ఎక్కడా చెప్పుకోలేదు. సంక్రాంతి వెళ్ళాక సోషల్ మేష్టారు తనంతట తానే వెళ్ళి, "నాక్కూడా ఒక జట్టు ఇవ్వండి" అని అడిగారు.

నేనిప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆయన చేసినదాంట్లో మంత్రమేమీ లేదు. ముందు తన కళ్ళతో చూసి, చెవులతో విని లెక్క తీశారు. ఎవరికి నొప్పి తగులుతుందో వాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళారు. అభ్యంతరం చెప్పినవాణ్ణి శత్రువు అనుకోకుండా, ఆ అభ్యంతరంతోనే పథకాన్ని బాగుచేయించారు. బరువైన చివర తాను పట్టుకున్నారు. వచ్చిన మంచి పేరు పంచిపెట్టారు. ఇందులో ఏ ఒక్కటీ ఈ రోజుల్లో చెయ్యలేనిది కాదు.

ఆ రోజుల్లో అందరూ ఇలాంటివారే అని చెబితే అబద్ధమవుతుంది. పిల్లల ముందే మేష్టర్ని నిలబెట్టి తిట్టిన హెడ్మాస్టరు దగ్గరా పనిచేశాను. ఆయన ఉన్నన్నాళ్ళూ స్టాఫంతా టైముకి వచ్చారు, టైముకి వెళ్ళారు, అంతకు మించి గడ్డిపరక కదపలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. నేను హెడ్మాస్టర్నయిన కొత్తలో నేనే తప్పు చేశాను.

1993లో నాకు ప్రమోషన్ వచ్చింది. చేరిన నెలలోనే ఆర్డరు బుక్కు పంపాను: ప్రతి సోమవారం అందరూ లెసన్ ప్లాన్ పుస్తకం నా బల్ల మీద పెట్టాలి. అందరూ సంతకం పెట్టారు. ప్రతి సోమవారం పుస్తకాలు వచ్చేవి, నేను టిక్కు పెట్టేవాణ్ణి. ఆరు నెలల తర్వాత ఒకరోజు రెండు పుస్తకాలు పక్కపక్కన తెరిచి చూశాను. ఒకే పాఠం, ఒకే వాక్యాలు, ఒకే చోట ఒకే అక్షర దోషం. ఇద్దరూ ఏదో పాత పుస్తకంలోంచి ఎత్తి రాశారు. తరగతిలో పాఠం మాత్రం ఎప్పుడూ చెప్పినట్టే చెబుతున్నారు.

కోపంతోనే స్టాఫు రూముకి వెళ్ళాను. అక్కడ ఒక సీనియర్ టీచరమ్మ నెమ్మదిగా అంది: "ఆదివారం రెండు గంటలు కూర్చుని రాస్తామండీ. మీరు టిక్కు పెడతారు. ఇన్నాళ్ళలో ఒక్కసారి, ఈ పాఠం ఇలా ఎందుకు చెప్పారని మీరు అడగలేదు." నా దగ్గర జవాబు లేదు. మర్నాడు అదే ఆర్డరు బుక్కులో, నా చేత్తోనే, ఆ ఆర్డరు ఉపసంహరించుకుంటున్నానని రాసి పంపాను. ఏం చేద్దామని వాళ్ళనే అడిగితే, శనివారం ఆఖరి పీరియడ్లో పిల్లల్ని ఆటలకి పంపి, వారానికొకరు తాము చెప్పబోయే పాఠం మిగతావాళ్ళకి చెప్పి చూపించాలని తేల్చారు. మొదటి శనివారం నేనే నా సైన్సు పాఠం చెప్పాను. తప్పులు పట్టారు. ఆ పద్ధతి నేను ఉన్నన్నాళ్ళూ సాగింది.

ఒప్పించుకున్న మనుషులు ఎలా ఉంటారో 1996లో చూశాను. నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని చీల్చేసింది. కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. కరెంటు స్తంభాల్లేవు, ఫోన్లు లేవు, బస్సుల్లేవు. మా బడి పెంకులు ఎగిరిపోయాయి. మిగిలిన గదుల్లో ఊళ్ళోవాళ్ళు తలదాచుకున్నారు. నేను ఎవరికీ ఏ కబురూ పంపగలిగే స్థితిలో లేను. మూడో రోజు మధ్యాహ్నానికి స్టాఫులో పదకొండు మంది బడికి వచ్చేశారు. కొందరు సైకిలు భుజాన వేసుకుని పడిపోయిన చెట్లు దాటుకుంటూ వచ్చారు. తడిసిన అడ్మిషన్ రిజిస్టర్లు పేజీ పేజీ విప్పి ఎండబెట్టింది వాళ్ళే. రమ్మని ఏ ఆర్డరూ లేదు.

ఇది నా ఒక్క బడి కథే అనుకోకండి. చదువుల చరిత్రలో ఇదే పాఠం మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తరాది జిల్లాల స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చి, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత తేడా ఎందుకుందని అడిగాడు. అక్కణ్ణుంచి వాడుక భాషా వాదం బళ్ళలోకి వచ్చింది. పరీక్షల్లో వ్యాసం వాడుక భాషలో రాయొచ్చని 1910ల్లో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. పండితులు ఎదురు తిరిగితే ఆ అనుమతి వెనక్కి పోయింది. ఉత్తర్వుగా వచ్చింది ఉత్తర్వుగానే పోయింది. గిడుగువారు మాత్రం ఆగలేదు. ఊరూరా తిరిగారు. తనని కాదనేవాళ్ళు గౌరవించే పాత గ్రంథాల్లోంచే ఉదాహరణలు తీసి వాళ్ళ ముందు పెట్టారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. ఆయన 1940లో వెళ్ళిపోయారు. ఈ రోజు మన పిల్లల వాచకాల్లో ఉన్న భాష ఆయన ఒక్కొక్కరినీ ఒప్పించుకుంటూ పోయిన దారిలో వచ్చిందే.

మా సర్వీసులోనే ఇంకోటి చూశాం. 1980ల్లో బ్రిటన్ సాయంతో ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. ఏపీపెప్ అనేవాళ్ళం. చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా ఒక కేంద్రంలో కలిసి, తాము తయారుచేసిన సామగ్రి చూపించుకుని, చర్చించుకునేవారు. చేసి నేర్చుకోవడం, జట్లుగా కూర్చోబెట్టడం, ఊళ్ళో దొరికేవాటితో పాఠం చెప్పడం, పిల్లలు చేసినవి గోడల మీద పెట్టడం దాని సూత్రాలు. టీచర్లు టీచర్లతో మాట్లాడుకున్న చోట అది నిజంగా బళ్ళని మార్చింది. పైఅధికారి చూడ్డానికి వస్తున్నాడనే భయంతో చేసిన చోట గోడల నిండా చార్టులు వేలాడాయి, పిల్లలు మాత్రం ఎప్పటిలాగే ఎక్కాలు వల్లించారు. పథకం ఒకటే, పుస్తకం ఒకటే.

ఈ మధ్య సంగతే చూడండి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ తెచ్చారు. టీచర్లు టైముకి రావాలనడం న్యాయమైన కోరికే. సొంత ఫోన్లో ఎందుకు వేసుకోవాలి, సిగ్నల్ లేని ఊళ్ళో ఏం చెయ్యాలి అన్నవి కూడా న్యాయమైన ప్రశ్నలే. ఆ ప్రశ్నలు పెట్టేముందు వినవలసినవి. పెట్టాక విన్నారు, రాష్ట్రమంతా గొడవయ్యాక. అదే ఏడాది 117 జీవో వచ్చి, ఎన్నో ఊళ్ళలో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్ళలో కలిపారు. చిన్న తరగతులకీ సబ్జెక్టు టీచరు దొరకాలన్న ఆలోచనలో మేలు లేకపోలేదు. కానీ చిన్న పిల్లలు రోడ్డు దాటి అంత దూరం ఎలా వెళ్తారని తల్లులు అడిగారు. దానికి జవాబు చెప్పినవాళ్ళు తక్కువ. చాలాచోట్ల తల్లిదండ్రులు బడి గేటు ముందు బైఠాయించారు. ప్రభుత్వం మారాక ఆ జీవో రద్దయింది. మధ్యలో నలిగింది ఆ తరగతుల పిల్లలు.

ఇప్పటి హెడ్మాస్టర్ల కష్టం నాకు తెలియనిది కాదు. మధ్యాహ్న భోజనం, గుడ్లు, బియ్యం లెక్క, మరమ్మతుల బిల్లులు, యూనిఫాంలు, బూట్లు, పుస్తకాల కిట్లు, రోజుకో యాప్. సాయంత్రం ఆరింటికి పైనుంచి మెసేజీ వస్తుంది, రేపు పదింటికల్లా వివరం కావాలంటుంది. ఆ మనిషి దాన్ని యథాతథంగా స్టాఫు గ్రూపులోకి తోసెయ్యక ఏం చేస్తాడు? తనని ఎవరూ ఒప్పించలేదు, ఇంకొకరిని ఒప్పించే తీరిక తనకి లేదు. అందుకే నా ఫిర్యాదు మొదట పైవాళ్ళ మీద. బడికి ఒక కొత్త పని పంపేటప్పుడు దాని గురించి మాట్లాడుకోవడానికి వారం రోజులు ఇవ్వండి. ఒక్క రాత్రిలో సంతకాలు వస్తాయి, ఫోటోలు వస్తాయి. ఇల్లలకగానే పండగ కాదు.

హెడ్మాస్టర్లయిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ కూడా ఒక మాట. పైనుంచి వచ్చింది మార్చడం మీ చేతుల్లో లేకపోవచ్చు. ఎలా చెయ్యాలన్నది చాలావరకు మీ చేతుల్లోనే ఉంటుంది. ఆ ఎలా అన్నదాన్ని మీ స్టాఫుకి వదలండి. పది చెప్పకండి, ఏడాదికి ఒకటి ఎంచుకోండి. ఎందుకో చెప్పండి, అదీ పిల్లల పేర్లతో చెప్పండి, శాతాలతో కాదు. స్టాఫులో అందరూ ఎవరి మాట వింటారో మీకు తెలుసు. ఒక్కోసారి అది అందరికంటే కటువుగా మాట్లాడే మనిషే అయి ఉంటుంది. ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి. యూనియన్ నాయకుడైతే మరీ మంచిది, పదిమంది మనసులో మాట ఆయనకి తెలుసు. పోరు నష్టం, పొందు లాభం. మంచి పని చేసిన టీచరుకి నలుగురిలో చెప్పండి, తప్పు చేసిన టీచరుకి గదిలో చెప్పండి. మాట ఇస్తే తప్పకండి. మీ ఆలోచన నడవకపోతే మీరే ముందు ఒప్పుకోండి. అప్పుడు వచ్చే ఏడాది మీరు ఇంకో ఆలోచన తెస్తే నమ్ముతారు.

టీచర్లకీ చెబుతాను. హెడ్మాస్టరు అడిగే రోజు కోసం చూస్తూ కూర్చోకండి. మీ తరగతిలో మీకు కనబడింది మీరే వెళ్ళి చెప్పండి. మా కోడలికి కానుగ చెట్టు కింద నోటు పుస్తకం సంగతి చెప్పాను. ఆ వారంలో ఆమె తన ఆరో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఒక పేజీ చదివించుకుంది. చదవలేనివాళ్ళ పేర్లు రాసుకుని వాళ్ళ హెడ్మాస్టరు గారికి చూపించింది. ఆయన కోప్పడలేదు. "ఇంతమందా!" అని ఆ కాగితం రెండుసార్లు చదివి, తెలుగు టీచర్ని పిలిచి పక్కన కుర్చీ వేయించారట. ఆ ముగ్గురూ ఇంటర్వెల్ గంట కొట్టినా లేవలేదట.

అందుకే ఏ బడి పెద్దనైనా నేను అడిగేది ఒక్కటే. రేపు గ్రూపులో కొత్త మెసేజీ పెట్టబోయే ముందు ఒక్క రోజు ఆగండి. మధ్యాహ్నం స్టాఫు రూములోకి వెళ్ళి, కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్య కూర్చోండి. "ఇలా చేద్దామనుకుంటున్నానండీ, మీరేమంటారు?" అని అడగండి. అడిగాక, వాళ్ళు చెప్పింది పూర్తయ్యేదాకా వినండి.